ఆకుపచ్చ కుర్చీకి చెప్పిన మాట

మా వియ్యంకుడి సంగతి చెప్పాలంటే, సంబంధం మాట్లాడుకోవడానికి ఆయన మా ఇంటికి వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలి. వచ్చినవాళ్లందరూ మా అమ్మాయి చదువు గురించీ ఉద్యోగం గురించీ అడుగుతుంటే, ఈయన మాత్రం ముందుగదిలో ఉన్న కుట్టుమిషను చక్రాన్ని వేలితో తిప్పి చూసి, "ఇది మీదేనా అమ్మా, ఈ పూటకి ఎవరి దగ్గర నుంచైనా తెచ్చిపెట్టారా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మాదే అన్నయ్యగారూ. గుమ్మంలో విడిచిన చెప్పులు మీవేనా?" అన్నాను.

మా ఆయన గుడ్లురిమి చూశాడు. ఇంక ఈ సంబంధం గాలికి పోయినట్టే అనుకున్నాం. ఇంటికి వెళ్లాక వియ్యంకుడు మాత్రం, "ఆవిడ కడుపులో ఏదీ దాచుకునే రకం కాదు, ఖాయం చేసుకోండి" అన్నాడట. అలా మేము వియ్యాలవారమయ్యాం.

ఆయనకు మార్కెట్టు వెనక వీధిలో సైకిళ్లు బాగుచేసే షాపు ఉంది. సైకిళ్లు తగ్గిపోయాక వీల్‌చైర్లు, ఆస్పత్రి మంచాల చక్రాలు, ముసలివాళ్లు పట్టుకుని నడిచే స్టాండ్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఎదురుగా అందరూ మేస్త్రిగారు అంటారు. వెనకాల అనుమానాల మేస్త్రి అంటారు. ఎవరైనా వచ్చి పంక్చరయింది అంటే, "పంక్చరని నీకెవరు చెప్పారు?" అని ట్యూబు విప్పి, నీళ్లలో ముంచి, బుడగ వచ్చేదాకా ఆ మనిషినే అదోలా చూస్తాడు. మా అమ్మాయి కాఫీ కలిపిస్తే కప్పులోకి ఓసారి తొంగిచూస్తాడు. మొదట్లో పిల్ల ఏడుపు మొహంతో ఫోన్ చేసేది. "ఆయన గోడ గడియారాన్ని కూడా నమ్మడమ్మా, నువ్వెంత?" అనేదాన్ని. అబద్ధం కాదు. తన గడియారంలో టైము చూసుకుని, ఎదురు షాపులోది కూడా చూసి వచ్చేవాడు.

ఆయనకు ఓ తమ్ముడున్నాడని పిల్లల పెళ్లయిన చాలాకాలానికి గానీ మాకు తెలియలేదు. షాపు ఒకప్పుడు అన్నదమ్ములిద్దరిదీ. పని వాళ్ల నాన్న దగ్గరే నేర్చుకున్నారు. తమ్ముడిది ఎడమచేతి వాటం. ఒకరోజు అద్దెకిచ్చే సైకిలొకటి కనబడకుండా పోయింది. షాపు నిండా జనముండగా ఈయన, "నువ్వే ఎవడో స్నేహితుడికి ఇచ్చేసుంటావు" అన్నాడు. తమ్ముడు చేతిలో ఉన్న స్పానర్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. తర్వాత ఆ సైకిలు లైబ్రరీ వెనక గోడకు ఆనించి దొరికింది. అద్దెకు తీసుకున్నవాడే అక్కడ మర్చిపోయాడు. ఈయన దాన్ని తెచ్చి, తుడిచి, వరసలో పెట్టాడు. తమ్ముడికి మాత్రం కబురు చేయలేదు. ఈ సంగతి మా అల్లుడు చెప్పాడు, అదీ చుట్టూ చూసి, గొంతు తగ్గించి.

ఇంక ఊళ్లోవాళ్లకు సాయం చేసే మా సంఘం సంగతి. ప్రింటింగ్ ప్రెస్సు మీద గదిలో కలుస్తాం. ప్రెస్సాయనే అధ్యక్షుడు. నాకు లాండ్రీ షాపు ఉంది కాబట్టి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే పని నాది. చక్రాలున్న ప్రతిదీ మేస్త్రిది. జబ్బుపడ్డవాళ్లకు అరువిచ్చే సామానంతా, అంటే మంచాలు, వీల్‌చైర్లు, ఆక్సిజన్ మిషను, ఒక రిటైరైన నర్సు చేతిలో ఉంటుంది. అందరం నర్సమ్మ అంటాం. తక్కువ మాటల మనిషి.

గదిలో గోడ మీద మా సూత్రాలు రాసి ఉంటాయి. సంఘంలో ఉన్న పెయింటరే రాశాడు. నిజం కానిది అనకూడదు. సంఘం పేరు చెప్పి సొంత పని చేసుకోకూడదు. సాయం పొందినవాళ్ల పేరు బయటపెట్టకూడదు. సామాను చూసుకునే మనిషి తప్ప ఇంకెవరూ ఇచ్చిన చోటికి వెళ్లి తొంగిచూడకూడదు, చూస్తే మళ్లీ పిలిచేదాకా సంఘం గడప తొక్కకూడదు. ఈ పేర్ల సూత్రం నాకూ వర్తిస్తుంది కాబట్టి, ఇందులో ఉన్నవాళ్లందరూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా చిత్రమైంది ఆఖరి సూత్రం. ఎదుట లేని మనిషి గురించి, ఎదుట ఉన్నట్టే మాట్లాడాలి. అందుకని గదిలో ఒక ఆకుపచ్చ ఇనుప కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. రాని మనిషి మీద ఎవరైనా మాట పడేయాలనుకుంటే, లేచి ఆ కుర్చీ వైపు తిరిగి, 'మీరు' అని పిలుస్తూ చెప్పాలి. అంతటితో అయిపోదు. తర్వాతి సమావేశంలో ఆ మనిషి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటే, అదే మాట మొహం మీద చెప్పాలి. దీంతో చాలామంది నోళ్లు మూతపడ్డాయి. నేను కూడా ఒకసారి ప్రెస్సాయన పిసినారితనం గురించి కడిగేద్దామని లేచి, ఆ కుర్చీని చూసి, గొంతు సవరించుకుని కూర్చున్నాను. మేస్త్రికి మాత్రం అలాంటి మొహమాటమేమీ లేదు. ఆయన లేచాడంటే కుర్చీయే కాస్త వెనక్కి జరిగినట్టుండేది.

ఆ యేడు మా పెయింటర్ తల్లికి ఊపిరి అందడం కష్టమైంది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. మా దగ్గరున్న మిషను ఒక్కటే. పెయింటర్ వెళ్లి అడిగితే నర్సమ్మ, "అది ఒకచోట ఉంది. ఇప్పుడు తీసుకురాలేను" అంది. ఎక్కడ అంటే పలకలేదు. రెండు రోజులు తిరక్కముందే తను పనిచేసిన ఆస్పత్రిలో ఎవరినో బతిమాలి, వేరే మిషను తెచ్చి ఆ తల్లికి పెట్టింది. గండం గడిచింది. మామూలుగా అయితే అక్కడితో అయిపోవాలి.

"అయిపోవడమేంటి చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి, మా షాపు బల్ల మీద చెయ్యానించి. "ఆస్పత్రిలో కాళ్లు పట్టుకుని ఇంకోటి తెచ్చిందంటే, మనది కదిలించకూడని చోట ఉందన్నమాట. కదిలించకూడని చోటంటే ఏంటి? సొంతవాళ్లిల్లు."

"ఆవిడకి సొంతవాళ్లెవరున్నారు, అన్నయ్యగారూ?"

"లేరని ఆవిడే కదా చెప్పింది?"

నేను ఇస్త్రీ చేస్తున్న చొక్కా ఇంకాస్తయితే మాడిపోయేదే. అనుమానం దగ్గులాంటిది, పక్కన నిలబడితే మనకీ పట్టుకుంటుంది. ఆ తర్వాత నుంచి నర్సమ్మ మా షాపు ముందు నుంచి వెళుతుంటే నా కళ్లు ఆవిడ సంచి మీదే ఉండేవి. సంచిలో ఒక నీళ్ల సీసా, సన్నటి గొట్టాల పొట్లం. ఎక్కడికి నర్సమ్మా అంటే, "ఇటే" అనేది. ఆ 'ఇటే' నాకు గొంతులో ముల్లులా ఉండేది. సంఘంలో ఉన్న ఆటో అతను ఇంకొంచెం ఆజ్యం పోశాడు. ఆవిడ తన ఆటో ఎక్కి, పాత సినిమాహాలు దగ్గర దిగి, ఆటో వెళ్లిపోయేదాకా సోడా బండి దగ్గర నిలబడుతుందట. ఏ సందులోకి వెళ్లేదీ తెలియనివ్వదట.

ఆ నెల సమావేశానికి నర్సమ్మ రాలేదు. మేస్త్రి లేచాడు. ఆకుపచ్చ కుర్చీ వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"నర్సమ్మగారూ, మన మిషను అవసరం ఉన్న మనిషి దగ్గర లేదని నా అనుమానం. మీ సొంతవాళ్లెవరి దగ్గరో పెట్టుకుని, పేరు చెప్పకూడదనే సూత్రాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. అదే నిజమైతే సామాను గది తాళంచెవి మీ దగ్గర ఉండకూడదు."

పెయింటర్ తల ఊపాడు. ఆటో అతను కూడా. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ ఊపాను. వచ్చే సమావేశంలో నర్సమ్మ ఆ కుర్చీలో కూర్చుంటుంది, మేస్త్రి ఇదే మాట మళ్లీ చెబుతాడు, తాళంచెవి సంగతి తేల్చుదాం అని ప్రెస్సాయన లేచాడు. ఆ తాళంచెవి తప్ప నర్సమ్మకు వేరే లోకం లేదని మా అందరికీ తెలుసు.

మెట్లు దిగుతూ మేస్త్రి, "నోటిమాట చాలదు చెల్లెమ్మా. కంటితో చూడాలి" అన్నాడు.

"చూడకూడదని కదా సూత్రం?"

"ఆవిడ ఒక సూత్రం వెనక దాక్కుంటే, మనం ఇంకో సూత్రం దాటాల్సిందే."

ఆ మాటకు అర్థం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అప్పటికి మాత్రం బ్రహ్మాండంగా వినిపించింది. ఒక మధ్యాహ్నం షాపు మా ఆయనకు అప్పగించి స్కూటర్ తీశాను. మేస్త్రి వెనక కూర్చున్నాడు. కూర్చునే ముందు రెండు టైర్లూ నొక్కి చూశాడు. పాత సినిమాహాలు దగ్గర ఆటో దిగిన నర్సమ్మ, సోడా బండి దగ్గర కాసేపు నిలబడి, మూడో సందులోకి తిరిగింది. మేము దూరంగా బండి ఆపి, గోడవారగా నడిచాం. ఆవిడ ఒక పాత మేడ ఎక్కి, వరండా చివరి గదిలోకి వెళ్లింది. కాసేపటికి ఖాళీ సీసాతో దిగి వెళ్లిపోయింది.

"పట్టుకున్నాం," అన్నాడు మేస్త్రి. ఆయన మొహంలో అంత సంతోషం నేను మా పిల్లల పెళ్లిలో కూడా చూడలేదు.

మెట్లెక్కాం. చివరి గది కిటికీ తెరిచే ఉంది. లోపల మిషను గుర్రుమంటోంది. దాని పక్కన మంచం మీద ఒక మనిషి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. చెవుల మీదుగా ముక్కుకు గొట్టం. ఒళ్లో విప్పిన టేబుల్ ఫ్యాను. ఎడమచేత్తో స్క్రూ తిప్పుతున్నాడు.

మేస్త్రి అడుగు అక్కడే ఆగిపోయింది. నేను ఆయన మొహం చూసి, ఎవరని అడగబోయి, అడగలేదు. ఆ ఎడమచెయ్యే చెప్పింది.

పక్కనుంచి ఒకావిడ తడిబట్టల బకెట్టుతో వచ్చి, ఆయన్ని చూసి బకెట్టు కింద పెట్టేసింది. పెట్టిన చప్పుడు కూడా రాకుండా పెట్టింది. మమ్మల్ని మెట్ల దగ్గరికి లాక్కొచ్చి అప్పుడు నోరు విప్పింది.

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోండి. మీరు ఉన్న సంఘమని తెలిసి ఆయన అసలు మిషనే వద్దన్నారు. మీ చెవిన పడనివ్వనని నర్సమ్మగారు ఒట్టేస్తే అప్పుడు పెట్టించుకున్నారు. మీకు తెలిసిందని తెలిస్తే గొట్టం పీకి పారేస్తారు. అన్నంత పనీ చేస్తారు, మీకు తెలుసుగా."

"తెలుసు," అన్నాడు మేస్త్రి.

తిరుగుదారిలో మార్కెట్టు మలుపు దగ్గర ఆయన, "ఎంత సన్నబడ్డాడో" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆ మనిషి ఏడుస్తుండగా చూడటం నాకిష్టం లేకపోయింది.

సమావేశం రోజు దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. ఆయన చేతిలో ఏముంది? అన్నమాటే మళ్లీ అంటే, ఒట్టేసిన నర్సమ్మ నోరు విప్పదు కాబట్టి తాళంచెవి పోతుంది, పైగా అది అబద్ధమని ఆయనకు తెలుసు. నిజం మొత్తం చెబితే గదిలో అంతమంది నోళ్లున్నాయి, సాయంత్రానికల్లా మూడో సందుకు చేరిపోతుంది. అప్పుడు ఆ గొట్టం ఉండదు.

నర్సమ్మ వచ్చి ఆకుపచ్చ కుర్చీలో కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. మేస్త్రి లేచి నిలబడ్డాడు. కుర్చీకి చెప్పినంత సులువుగా మాట రాలేదు.

"పోయినసారి మీరు లేనప్పుడు, మిషను మీ సొంతవాళ్ల దగ్గర పెట్టుకున్నారని అన్నాను. అది తప్పు. మిషను ఉండాల్సిన చోటే ఉంది."

ప్రెస్సాయన కళ్లజోడు తీశాడు. "ఎలా తెలిసింది?"

"చూశాను."

"ఇచ్చిన చోటికి వెళ్లారా? సూత్రం తెలిసి కూడానా?"

"వెళ్లాను."

"ఎవరిల్లు?"

"చెప్పను."

గదిలో గుసగుస మొదలైంది. పెయింటర్ లేచాడు. "ఇదేంటి మేస్త్రిగారూ? మా అమ్మ ఊపిరాడక కొట్టుకుంటుంటే, ముందు మీరే అన్నారు ఇందులో ఏదో ఉందని. ఇప్పుడు మీరే లేదంటున్నారు. నర్సమ్మ మీకేం చెప్పి నోరు నొక్కింది?"

"ఏమీ చెప్పలేదు."

"మరి మీకేం ముట్టింది?" అన్నాడు ఆటో అతను.

ఊరందర్నీ అనుమానించిన మనిషిని, అందరూ కలిసి ఒకేసారి అనుమానించడం నేను ఆ రోజు చూశాను. ఆయన మొహం గాలి తీసేసిన ట్యూబులా వాడిపోయింది. ఒక్క పేరు చెబితే చాలు, అందరూ తలలు దించుకునేవారు. ఆయన చెప్పలేదు. నాకు ఆయన మీద అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు, అంత జాలీ వేయలేదు.

"బండి నడిపింది నేనే," అన్నాను లేచి. "నేనూ చూశాను. ఆయనన్నది నిజం. నేను కూడా పేరు చెప్పను."

"మీ వియ్యంకుడు కదా, మీరు అలాగే అంటారు," అన్నాడు పెయింటర్. నేను గట్టిగా నాలుగు అనేదాన్నే. మేస్త్రి చెయ్యి ఊపి వద్దన్నాడు.

తాళంచెవి నర్సమ్మ దగ్గరే ఉండిపోయింది. మమ్మల్ని మాత్రం మళ్లీ పిలిచేదాకా రావద్దన్నారు. మేము గుమ్మం దాటుతుంటే నర్సమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

మా ఇద్దరికీ ఊళ్లో చెడ్డపేరు వచ్చింది. మా షాపుకు దుప్పట్లు రావడం ఆగిపోయింది. మేస్త్రి షాపు ముందు నుంచి వెళ్లేవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకునేవారు. ఆయన తల ఎత్తేవాడు కాదు. కాఫీ కప్పులోకి తొంగిచూడటం కూడా మానేశాడని మా అమ్మాయి ఫోన్ చేసి, "నాకు భయంగా ఉందమ్మా" అంది.

కొన్నాళ్లకు నర్సమ్మ ఆ మిషను తీసుకుని మేస్త్రి షాపుకు వచ్చింది. లోపలి యంత్రమంతా కంపెనీ మనిషి చూసుకుంటాడు. ఒక చక్రం ఊడింది, తోసే పిడి పగిలింది, అంతే. పెయింటర్ తల్లి కోలుకోవడంతో ఆస్పత్రి మిషను ఖాళీ అయింది, ఈలోగా అది అక్కడ పెట్టి వచ్చానని చెప్పింది. ఎక్కడ అని ఈయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మేస్త్రి చక్రం బిగించి, పిడికి పాత సైకిలు ట్యూబును సన్నటి పట్టీగా కోసి చుట్టాడు. జిగురు పెట్టకుండా కొసను లోపలికి దోపడం వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. బయట పట్టుకునే చోట కాబట్టి, చెయ్యి నొప్పి పుట్టకూడదని రెండు పొరలు వేశాడు.

నర్సమ్మ అదే మిషను మళ్లీ తెచ్చింది, ఈసారి ఇంకో చక్రం కోసం. ఆ పూట నేను అక్కడే ఉన్నాను. మేస్త్రి పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"చెల్లెమ్మా, ఇటు రా. ఇది చూడు."

నాకు అదే ట్యూబు, అదే చుట్టు కనబడింది. "బాగానే ఉందిగా," అన్నాను.

"నేను చుట్టింది కుడివైపుకి. ఇది ఎడమవైపుకి తిరిగింది. విప్పి, మళ్లీ చుట్టారు. కొస కూడా లోపలికే దోపారు." ఆయన పిడిని వెలుతురు వైపు తిప్పాడు. "నేనే చుట్టానని వాడికి తెలిసిపోయింది. పోయినసారే తెలిసిపోయింది."

"తెలిసినా గొట్టం పీకలేదు, అన్నయ్యగారూ."

ఆయన కాసేపు పట్టీని వేలితో తడుముతూ కూర్చున్నాడు. తర్వాత, మనిషి మారడు కదా, "నా పని వంకరగా ఉందని సరిచేశాడేమో. వెక్కిరించడానికేమో" అన్నాడు.

బల్ల మీద కూర్చున్న నర్సమ్మ అప్పుడు నోరు విప్పింది. "నాకు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. మెట్లెక్కలేను. మీరే తీసుకెళ్లి ఇవ్వండి."

"ఇచ్చిన చోటికి వెళ్లకూడదు కదా?" అన్నాడు మేస్త్రి.

"ఆ సూత్రం సభ్యులకి. మీ ఇద్దరినీ తీసేశాం కదా."

ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. మోకాళ్ల సంగతి కూడా నేను నమ్మలేదు, వెళ్లేటప్పుడు గుమ్మం మెట్లు చకచకా దిగింది.

మిషను ఆటోలో పెట్టుకుని వెళ్లాం. మెట్ల మీద ఆయన ఒక చివర, నేను ఒక చివర పట్టుకున్నాం. తమ్ముడి భార్య తలుపు తీసి పక్కకు తప్పుకుంది. మంచం మీద మనిషి మమ్మల్ని చూసి, మొహం తిప్పుకోలేదు, రమ్మనలేదు. మిషను వైపు చూశాడు.

"చక్రం కొత్తది వేశావా, పాతదే తుడిచి పెట్టావా?"

"విప్పి చూసుకో," అన్నాడు మేస్త్రి.

తమ్ముడు ఎడమచెయ్యి చాపాడు. మేస్త్రి జేబులోంచి స్పానర్ తీసి ఆ చేతిలో పెట్టాడు. తమ్ముడు నిజంగానే వంగి, ఆయాసపడుతూ, నట్టు వదులు చేసి, చక్రం బయటికి లాగి, వెలుతురుకు పట్టి చూశాడు. కొత్తదే. మళ్లీ బిగించడానికి ఊపిరి చాలకపోతే, అన్న కింద కూర్చుని చక్రం పట్టుకున్నాడు.

"ఆ సైకిలు లైబ్రరీ వెనక దొరికిందిరా," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "అప్పుడే దొరికింది. నువ్వు ఎవరికీ ఇవ్వలేదు."

"దొరికిందని నాకు అప్పుడే తెలుసు," అన్నాడు తమ్ముడు, నట్టు బిగిస్తూ. "నువ్వొచ్చి ఆ మాట చెప్తావా లేదా అనేదే నా అనుమానం."